ఆకుల నిద్రకు కాల్షియము పంపు కబురు

సూర్యుడు క్రుంకిన పిమ్మట శంషాబాదు పరిసరములలో ఏ చింతచెట్టు క్రింద నిలిచి పైకి చూచినను, పగలెల్ల విచ్చుకొని నీడనిచ్చిన చిట్టి ఆకులు జంటలు జంటలుగా ముడుచుకొని, కొమ్మల సందున ఆకాశము విరివిగా కనబడుచుండును. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున అలెగ్జాండరు నౌకాధికారులలో నొకడైన ఆండ్రోస్తనీసు నేటి బహ్రెయిన్ ద్వీపమున ఇట్టి చెట్టునే చూచి వ్రాసియుంచెను. అది చింతయే యని పండితులు తలంతురు. 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మైరాన్, అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో దాచియుంచినను దాని ఆకులు వేళకు విచ్చుకొని వేళకు ముడుచుకొనుట గమనించెను. కాలము నెరుగు గడియారము మొక్కలోననే కలదు. దానిని సూర్యునితో సరిపెట్టునది వెలుతురు.

ఇక యంత్రాంగము. చిట్టి ఆకు మొదట కొంచెము ఉబ్బిన కీలు వంటి భాగమొకటి కలదు. దానికి పల్వైనస్ అని పేరు. అందు ఒకవైపు కణములు పొటాషియమును, దాని వెంట నీటిని పీల్చుకొని ఉబ్బగా, ఎదుటివైపు కణములు ఆ రెంటిని విడిచి కుంచించుకొనును, ఆకు విచ్చుకొనును. రాత్రివేళ ఈ క్రమము తలక్రిందులగును. పొటాషియమును మాత్రమే చెప్పి ఊరకుండువారు సగము కథయే చెప్పినవారగుదురు. ఏలయన పొటాషియము కూలి మాత్రమే, ఆజ్ఞను చాటు దండోరా కాల్షియము.

కణద్రవ్యమున కాల్షియము ఎల్లప్పుడును అత్యల్పముగా ఉంచబడును. హెచ్చైనచో ఫాస్ఫేటుతో కలిసి గడ్డకట్టి కణమునకే చేటు తెచ్చును. కణములోని రిక్తిక యను సంచియందైతే అంతకు వేలరెట్లు నిలువయుండును. కావుననే అందుండి పిసరంత జారినను కణమునకు అది పెద్ద వార్త యగును. 1987లో అమెరికాలో మోర్స్, క్రెయిన్, రూత్ సాటర్ అను శాస్త్రజ్ఞులు, చింతకు దాయాదియు మన నగరవీధులలో నీడనిచ్చునదియునైన నిద్రగన్నేరు కీళ్ళపై క్షణకాలము వెలుతురు ప్రసరింపజేయగా, పొరలలోని ఇనోసిటాల్ కొవ్వులు వేగముగా విచ్ఛిన్నమగుట కనుగొనిరి. ఆ ముక్కలలో నొకటి నిలువనున్న కాల్షియమును విడిపించునట్టిది. విడుదలయైన కాల్షియము పొటాషియము వచ్చు ద్వారములను మూయగలదని తరువాతి పరిశోధనలు సూచించినవి.

ఆకుల గడియారమును సరిపెట్టునది వెలుతురే గదా! 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది మొదలు ఈ ప్రాంతమున రాత్రులకు దీపకాంతి మిక్కుటమైనది. పాఠకులు ఒకనాటి రాత్రి దీపస్తంభము చెంతనున్న చింతను, దూరపు చేనిగట్టున చీకటిలోనున్న చింతను పోల్చి, ఏది ముందు ముడుచుకొన్నదో, ఏది ముందు విచ్చుకొన్నదో వ్రాసియుంచుకొనుడు.