నెర్రెల్లో చమురు

భూమి లోపల చమురు అనగానే మనలో చాలామంది ఓ పెద్ద చెరువును ఊహించుకుంటాం. చెరువూ లేదు, కోనేరూ లేదు. తడిసిన ఇటుకలో నీళ్లున్నట్టు, రాతిలోని సన్నని రంధ్రాల్లో చమురు ఉంటుంది. సున్నపురాయి లాంటి కొన్ని రాళ్లలో దీనికి తోడు సహజంగా పడ్డ బీటలు కూడా ఉంటాయి. చిక్కంతా అక్కడే.

ఇంజనీర్లు వాటిని ఫ్రాక్చర్లు అంటారు. నాకు మన ‘నెర్రెలు’ అన్న మాటే నచ్చింది. కోవిల్‌పట్టి వైపు కరిసల్ నేల ఎండకి ఎలా విచ్చుకుంటుందో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ చేలో ఒక కడవ నీళ్లు పోయండి. నెర్రెలోకి సర్రున జారిపోతాయి, పక్కనున్న గడ్డ పొడిగానే ఉంటుంది. చమురు రాతిలోనూ సాధారణంగా ఇంతే: సరుకులో ఎక్కువ భాగం గడ్డలో, పారే దారి నెర్రెలో. అందుకే ఇలాంటి చమురు బావి మొదట్లో జోరుగా పారి, నెర్రెల్లోది అయిపోగానే చప్పున తగ్గిపోవచ్చు. తొలి జోరు చూసి లెక్క కడితే మోసపోతాం.

మరి లెక్క ఎలా కట్టాలి? 1960లో సోవియట్ దేశంలో బారెన్‌బ్లాట్, జెల్తోవ్, కోచినా అనే ముగ్గురు ఒక ఉపాయం చెప్పారు. (మూడో పేరు ఒక స్త్రీది, గమనించండి.) ఒకే చోట రెండు పీడనాలున్నాయని అనుకోవాలట, గడ్డలో ఒకటి, నెర్రెలో ఒకటి. ఆ రెంటి తేడాను బట్టి గడ్డలోంచి నెర్రెలోకి చమురు ఊరుతుంది. 1963లో వారెన్, రూట్ అనే ఇద్దరు రాతిని షుగర్ క్యూబులు పేర్చినట్టు బొమ్మ గీసి, ఆ లెక్కను బావుల పరీక్షలకి పనికొచ్చేలా చేశారు. అసలు రాయి అంత బుద్ధిగా ఉండదనుకోండి. అయినా ఈ బొమ్మ ఇప్పటికీ వాడుకలో ఉంది.

నార్వే దగ్గర ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ సంగతి చూడండి. 1969లో కనుక్కున్నారు. అక్కడిది సుద్దరాయి, క్లాసులో బోర్డు మీద రాసే సుద్దకి చుట్టమే. ఉన్న చమురులో 17 శాతమే తీయగలమని మొదటి అంచనా. నీళ్లు ఎక్కించి నెడదామంటే, అవి నెర్రెల వెంటే పరుగెత్తి గడ్డల్ని వదిలేస్తాయని భయం. కానీ ఆ సుద్దకి ఒక గుణముంది. వత్తి నూనె పీల్చినట్టు నీటిని తనలోకి పీల్చుకుని, చమురును బయటికి నెడుతుంది. ముందు కొద్దిచోట ప్రయోగం చేసి, 1987 నుంచి పెద్ద ఎత్తున నీళ్లు ఎక్కించారు. అంచనా ఇప్పుడు 50 శాతం దాటింది.

ఈలోగా ఇంకో ముప్పు వచ్చింది. చమురు తీసేకొద్దీ లోపలి పీడనం తగ్గి, పైబరువుకి సుద్ద నలిగి, సముద్రపు అడుగే కుంగింది. 1984లో ఇది బయటపడింది. మనుషులు పనిచేసే వేదికలు అలలకి దగ్గరైపోతున్నాయి! మన ఊళ్లలో రోడ్డు ఎత్తు పెరిగితే ఇళ్లని జాకీలతో లేపుతారే, అలాగే 1987లో ఆ ఉక్కు వేదికల్ని 6 మీటర్లు పైకి లేపారు. నీళ్లు ఎక్కిస్తే పీడనం పెరిగి కుంగడం ఆగాలి కదా? వెంటనే ఆగలేదు. నీళ్లు తగిలిన సుద్ద మెత్తబడి ఇంకా నలిగింది. ఇక చమురు ఎంత ఊరుతుందన్నదే కాదు, రాయి ఎంత నలుగుతుందన్నదీ లెక్కలోకి తీసుకోక తప్పలేదు.