విమానంలో పొగ: ప్రతి నిమిషమూ కీలకమే

బిలాస్‌పూర్-రాయ్‌పూర్ రైలు మార్గంలో బిల్హాకు పక్క స్టేషన్ చకర్‌భాఠా. అక్కడి విమానాశ్రయం నుంచి 2021 మార్చి 1న ఏటీఆర్-72 రకం విమానాలు ప్రారంభం కావడంతో, దూర ప్రయాణాలకు రైలునే నమ్ముకున్న బిల్హా ప్రాంతవాసులకు ఆకాశమార్గం కూడా చేరువైంది. అయితే రైలు పెట్టెలో పొగ కనిపిస్తే గొలుసు లాగి దిగిపోవచ్చు. విమానంలో ఆ వీలు లేదు.

ఇటువంటి పరిస్థితి 2022 అక్టోబరు 12 రాత్రి హైదరాబాద్‌లో ఎదురైంది. గోవా నుంచి వస్తున్న స్పైస్‌జెట్ సంస్థ క్యూ-400 విమానంలో పొగ కమ్ముకోవడంతో దానిని శంషాబాద్‌లో అత్యవసరంగా దించారు. 86 మంది ప్రయాణికులూ అత్యవసర ద్వారాల గుండా బయటపడ్డారు. ఒకరి కాలికి స్వల్ప గాయమైంది.

విమానంలోని ప్రయాణికులు పీల్చే గాలి సాధారణంగా ఇంజన్ నుంచే వస్తుంది. ఇంజన్‌లో చమురు కారితే దాని ఆవిరి ఆ గాలితో కలిసి లోపలికి చేరుతుంది. శంషాబాద్ ఘటనలో గాలిని తీసుకునే కవాటం వద్ద చమురు జాడ కనిపించినట్లు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వెల్లడించింది. ఆ సంస్థ క్యూ-400 విమానాల ఇంజన్ చమురు నమూనాలను ప్రతి 15 రోజులకు ఒకసారి పరీక్షకు పంపాలని ఆదేశించింది.

పొగ కనిపించగానే పైలట్లు మొదట తమ ఆక్సిజన్ మాస్కులు ధరించాలి. ఆపై కారణం కోసం వెతుకుతూ కాలయాపన చేయక, సమీప విమానాశ్రయం వైపు మళ్లించాలి. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరంలో 229 మందిని బలిగొన్న స్విస్‌ఎయిర్ విమానంలో, తొలి వాసన వచ్చిన తర్వాత సుమారు 20 నిమిషాలకే అంతా ముగిసింది.

నేలకు దిగడంతోనే గండం గడిచినట్లు కాదు. 1980 ఆగస్టు 19న సౌదియా విమానం మంటలతో రియాద్‌లో క్షేమంగానే దిగింది. కానీ రన్‌వేపై వెంటనే ఆగలేదు, ప్రయాణికులను దించే ప్రయత్నమూ జరగలేదు. తలుపులు తెరిచేసరికి 301 మందిలో ఒక్కరూ ప్రాణాలతో లేరు.

ప్రయాణికులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పైనుంచి జారే మాస్కులు గాలి పీడనం తగ్గినప్పటికే గాని పొగకు ఉద్దేశించినవి కావు. వాటిలో లోపలి గాలి కూడా కలుస్తుంది. కనుక పొగ అలముకున్నప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ అడ్డుపెట్టుకుని, వంగి, సామాను వదిలి, సిబ్బంది చూపిన ద్వారం వైపు సాగడమే శ్రేయస్కరం. కూర్చోగానే ఆ ద్వారం ఎన్ని వరుసల దూరంలో ఉందో లెక్కపెట్టుకుంటే, చీకటిలోనూ దారి దొరుకుతుంది.