ట్యాబ్ మీద మామూలు పెన్ను ఎందుకు రాయదు?

వేలితో గీస్తే ట్యాబ్‌లో గీత పడుతుంది. అదే బాల్‌పెన్ను మూతతో ఎంత రుద్దినా చుక్క కూడా పడదు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

ట్యాబ్ అద్దం కింద, పిండి జల్లెడలో తీగల్లా, కంటికి కనిపించని గీతలు అడ్డంగా నిలువుగా పరుచుకుని ఉంటాయి. వాటిలో కొద్దిపాటి విద్యుత్తు ఉంటుంది. మన ఒంట్లో నీరూ ఉప్పూ ఉన్నాయి కదా, అందుకే వేలు ఆనగానే ఆ విద్యుత్తులో తేడా వస్తుంది. ట్యాబ్ ఆ చోటును పసిగడుతుంది. ప్లాస్టిక్ మూతకు ఆ గుణం లేదు.

మరి యాపిల్ ట్యాబ్ అయిన ఐప్యాడ్ మీద రాసే యాపిల్ పెన్సిల్? దాని మొన నుంచే సంకేతాలు వెలువడతాయి. అందుకే దానికి చార్జింగ్ కావాలి, బ్లూటూత్‌తో జత కలపాలి. 2018లో వచ్చిన రెండో తరం పెన్సిల్‌ను దానికి సరిపడే ఐప్యాడ్ అంచుకు ఆనిస్తే చాలు, అయస్కాంతంతో టక్కున అతుక్కుంటుంది. జతా కుదురుతుంది, చార్జింగూ ఎక్కుతుంది. శామ్‌సంగ్ ఎస్ పెన్ ఇంకా చిత్రం: రాయడానికి దానికి బ్యాటరీయే అక్కర్లేదు, తెర నుంచే శక్తి తీసుకుంటుంది!

యాపిల్ పెన్సిల్ రాయడం మానేస్తే కంగారు పడకండి. ముందు చార్జింగ్ చూడండి. తర్వాత మొన వదులైందేమో, సీసా మూత బిగించినట్టు మెల్లగా కుడివైపు తిప్పండి. అప్పటికీ రాయకపోతే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో పాత జత తీసేసి మళ్లీ కలపండి. మొన అరిగిపోతే పెన్సిల్ పారేయకండి, కొత్త మొన విడిగా దొరుకుతుంది.