దీర్ఘవ్యాధిగల ఉద్యోగి – యజమాని విధులు

కొన్ని వ్యాధులు పది దినములలో నయమగును. మరికొన్ని జీవితాంతము మనిషిని వెన్నంటియుండును. అట్టి దీర్ఘవ్యాధి కలదని తెలిసిననాడు కార్మికునికి కలుగు మొదటి భయము ప్రాణభయము. రెండవది జీవనోపాధి పోవునేమో యను భయము. ఈ రెండవ భయముచేతనే అనేకులు వ్యాధిని దాచుదురు. చికిత్సకు ఆలస్యముగా పోవుదురు. అట్టివారి యెడ యజమాని నడవడి ఎట్లుండవలెనో చట్టము నిర్ణయించినది.

1997లో బొంబాయి హైకోర్టు ఈ విషయమున ఒక ముఖ్యమైన తీర్పు నిచ్చినది. ఒక ప్రభుత్వరంగ సంస్థలో తాత్కాలిక కార్మికునిగా నున్న వ్యక్తికి హెచ్.ఐ.వి. సోకినదని పరీక్షలో తేలగా, అతనిని పనినుండి తొలగించిరి. పనిచేయు శక్తి కలిగి, తోడివారికి ప్రమాదము కలిగింపని వానిని, వ్యాధి సోకినదను ఒక్క కారణముచేత తొలగింపరాదని న్యాయస్థానము నిర్ణయించినది.

2017వ సంవత్సరపు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టము ఈ సూత్రమును స్థిరపరచినది. ఇది 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులో నున్నది. ప్రైవేటు యజమానులకును వర్తించును. ఉద్యోగ మిచ్చుటకు హెచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టరాదు. పనిలో నున్న వానిని తొలగింపదలచినచో రెండు పత్రముల ప్రతులను అతనికి ఈయవలెను. మొదటిది, అతనివలన ఇతరులకు వ్యాధి సోకు ప్రమాదము గణనీయముగా నున్నదని గాని, అతడు ఆ పని చేయజాలడని గాని అర్హతగల స్వతంత్ర వైద్యుడు వ్రాసిన నిర్ణయము. రెండవది, తగిన వెసులుబాటు కల్పింపలేకపోవుటకు తనకుగల ఇబ్బంది ఎట్టిదో, ఎంతటిదో తెలుపుచు యజమాని వ్రాసిన ప్రకటన.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము మరికొన్ని దీర్ఘవ్యాధులను గూడ తన పరిధిలో చేర్చినది. పార్కిన్సన్ వ్యాధి, హీమోఫిలియా, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి అట్టివి. ప్రభుత్వ సంస్థలో పనిచేయుచుండగా వైకల్యము సంభవించిన ఉద్యోగిని తొలగించుటకు గాని, హోదా తగ్గించుటకు గాని వీలులేదు. ఉన్న పనికి అతడు తగనిచో, అదే వేతనశ్రేణిలో మరియొక పని ఈయవలెను. అట్టి పని వెంటనే లభింపనిచో, అది దొరకువరకు గాని పదవీ విరమణ వరకు గాని అతనిని అదనపు పదవిలో ఉంచవచ్చును.

వెసులుబాటు అనగా గొప్ప వ్యయముతో కూడినదే కానక్కరలేదు. ఆస్పత్రికి పోవలసిన దినమున పని వేళలు మార్చుట, చేతులు వణకువానికి సన్నని పనికి బదులు వేరొక పని అప్పగించుట, సికిల్ సెల్ వ్యాధిగల వానిని తీవ్రమైన ఎండనుండి తప్పించి త్రాగునీరు అందుబాటులో నుంచుట, ఇవన్నియు వెసులుబాట్లే.

అన్యాయము జరిగినచో ఉద్యోగి ఊరకుండవలసిన పనిలేదు. హెచ్.ఐ.వి. చట్టము ననుసరించి నూరుమంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలో ఫిర్యాదుల అధికారి యుండవలెను. రాష్ట్రమందలి అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసినచో, ముప్పది దినములలో ఉత్తర్వు ఈయవలెనని చట్టము చెప్పుచున్నది. వైకల్యమునకు సంబంధించిన ఫిర్యాదులను రాష్ట్ర వికలాంగుల కమిషనరు విచారించును. తొలగింపు ఉత్తర్వును, వైద్యుని పత్రములను, జీతపు రసీదులను ఉద్యోగి భద్రపరచుకొనవలెను. నోటిమాటగా తొలగించినచో, కారణమును వ్రాసియిమ్మని కోరవలెను.

ఉద్యోగము నిలుచునను నమ్మకము కలిగిననాడు రోగి వ్యాధిని దాచడు; మందు మానడు. అందువలన కార్మికునికే గాక, అతని కుటుంబమునకును, అతడు పనిచేయు సంస్థకును మేలు కలుగును.