టికెట్టు ఎవరిది, జవాబుదారీ ఎవరికి?

‘మన పార్టీవాడినే గెలిపించుకున్నాం సార్, మన మాట మాత్రం సభలో వినబడలేదు’ అని రిజర్వుడు నియోజకవర్గానికి చెందిన నా విద్యార్థి ఒకరు వాపోయారు. ఆ అసంతృప్తికి మూలం వ్యక్తిలోనే లేదని నా అభిప్రాయం.

1932 పూనా ఒడంబడిక ప్రకారం రిజర్వుడు స్థానానికి నలుగురు అభ్యర్థులను తొలుత దళిత ఓటర్లే ఎన్నుకోవాలి. వారిలో ఒకరిని అందరూ కలిసి గెలిపించాలి. ఆ తొలి ఎన్నికకు రాజ్యాంగంలో చోటు దక్కలేదు. నేడు శాసనసభల్లో ఎస్సీలకు తెలంగాణలో 19, ఆంధ్రప్రదేశ్‌లో 29 స్థానాలున్నాయి. అభ్యర్థులను తేల్చేది మాత్రం పార్టీల అధిష్ఠానాలే. గెలిచాక సభలో విప్‌ను ధిక్కరించి ఓటేస్తే, 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. టికెట్టిచ్చినవారికే లోబడిన ప్రతినిధి ఓటరుకేం జవాబు చెప్పగలడు?

ఎమ్మెల్యేను నిందించి ఊరుకుంటే చాలదు. అభ్యర్థి ఎంపికలోనే మన వాటా అడగాలి.