పిడికెడు బియ్యం

కృష్ణానదికి ఉత్తరాన నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమ విస్తరించి ఉంది. ఈ సీమలోని రాఘవాపురంలో 1859లో ఆంగ్లికన్ క్రైస్తవ సంఘం అంకురించింది. దానికి మూలపురుషుడు పాగోలు వెంకయ్య. అస్పృశ్యతకు గురైన మాల కుటుంబంలో జన్మించిన ఆయన దైవాన్వేషణలో బెజవాడ చేరి, డార్లింగ్ అనే మిషనరీ బోధ విన్నాడు. స్వగ్రామస్థులతో కలిసి బాప్తిస్మం పొంది, పరిసర గ్రామాలలో బోధించాడు.

ఆ కాలంలో అంటరానివారుగా ఎంచబడిన వారి బిడ్డలకు వీధిబడిలో ప్రవేశం ఉండేది కాదు. కావున పల్లెలలో ప్రార్థనా మందిరమే పాఠశాల అయింది; ఆరాధన నడిపే ఉపదేశకుడే అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయుడయ్యాడు.

అయితే పేదల సంఘాన్ని పోషించేదెవరు? ఈ ప్రశ్నకు అజరయ్య కాలంలో సమాధానం లభించింది. 1912లో దోర్నకల్ అధ్యక్ష మండలానికి బిషప్పుగా నియుక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఈ సీమ అనంతరం ఆ మండలంలో చేరింది. పరధనంతో నడిచే సంఘం స్వతంత్రంగా నిలువజాలదని ఆయన విశ్వాసం. స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యం వేరుగా తీసి మందిరానికి సమర్పించేవారు. కూలి గింజలతో బ్రతికేవారు సైతం ఆ విధంగా దాతలయ్యారు.

1947 సెప్టెంబరు 27న ఈ సంఘం ఇతర సంఘాలతో ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా రూపొందింది. పుచ్చుకొనే చేయి ఇచ్చే చేయిగా మారినప్పుడే మనిషికి ఆత్మగౌరవం సిద్ధిస్తుందనుటకు ఈ చరిత్ర నిదర్శనం.