పెట్టిన పేర్లు, పడ్డ పేర్లు

విశాఖలో ఓడెక్కితే సముద్రం మీద రెండు రాత్రులకు పైనే గడిపి అండమాన్ రేవులో దిగుతాం. 2024 సెప్టెంబరు 13న ఆ ఊరికి శ్రీ విజయపురం అని కొత్త పేరు ప్రకటించారు. అంతకుముందు అది పోర్ట్ బ్లెయిర్. 1789లో ఇక్కడ తొలి ఆంగ్లేయ స్థావరం వేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరు. కొత్త పేరు వినగానే తెలుగువాడికి గుర్తొచ్చేది మన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అదే నాగార్జునకొండ. దీనికీ దానికీ చుట్టరికం లేదనుకోండి. అయితే రేవు దాటి ఆటో ఎక్కాక చెప్పాల్సినవి మాత్రం పాత పేర్లే: అబర్డీన్ బజార్, ఫీనిక్స్ బే, డెలానీపూర్, జంగ్లీఘాట్, షాదీపూర్.

మన భాషలో పేరు రెండు దారుల్లో వస్తుంది. బారసాలలో పెడతారు, వీధిలో పడుతుంది. షాదీపూర్ పడ్డ పేరు. శిక్ష పడి ఇక్కడికి వచ్చిన ఆడామగా పెళ్లాడి కాపురం పెట్టిన చోటు గనక ఆ పేరు పడిందంటారు. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత ద్వీపాంతరం వచ్చిన మాప్పిళ్లలు దక్షిణ అండమాన్‌లో ఊళ్లు కట్టుకుని కాలికట్, మలప్పురం, మంజేరి అని పిలుచుకున్నారు. ఏ జీవో అడిగారు గనక?

పెట్టే పేరుకు మాత్రం కాగితం కావాలి. రాష్ట్రాల్లో ఊరి పేరు మార్చాలంటే ప్రభుత్వం ప్రతిపాదించాలి, కేంద్ర హోంశాఖ సరేననాలి. ఆ శాఖ రైల్వేను, తపాలాను, సర్వే ఆఫ్ ఇండియాను సంప్రదిస్తుంది. జనం నోట నానిన పేర్లను గట్టి కారణం లేకుండా మార్చొద్దని 1953లోనే ఆ శాఖ రాష్ట్రాలకు రాసింది. అండమాన్‌లో రైలే లేదు. శాసనసభ కూడా లేదు. ఉన్నది ఒక్క ఎంపీ. పార్లమెంటు చట్టం చేస్తుంది, లేదంటే 240వ అధికరణం కింద రాష్ట్రపతి రెగ్యులేషన్ జారీ చేస్తారు. కాబట్టి పెద్ద పేర్లన్నీ ఢిల్లీ నుంచి దిగుతాయి.

నీల్ దీవి సంగతే చూడండి. 1857లో ఉత్తరాదిన ఊళ్లకు ఊళ్లను ఉరికొయ్యలెక్కించిన జేమ్స్ నీల్ పేరది. అతని విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డు మీద ఉండేది. దాన్ని తీసెయ్యాలని 1927లో సత్యాగ్రహం చేసి జైలుకెళ్లారు. 1937లో ఎన్నికైన రాజాజీ మంత్రివర్గం వచ్చాక అది మ్యూజియంలో పడింది. అదే మనిషి పేరు దీవి మీద మాత్రం 2018 డిసెంబరు 30 దాకా నిలిచింది. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి ఆ రోజుకు 75 ఏళ్లు. నీల్ షహీద్ ద్వీప్ అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, రాస్ నేతాజీ పేరు పెట్టుకుంది. ఇంతకీ నీల్ దీవిలో స్థిరపడ్డ బెంగాలీ శరణార్థుల ఊళ్లు సీతాపూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. దొర పేరున్న దీవిలోనే రామాయణం నిశ్శబ్దంగా నడిచిపోయింది.

2023 జనవరి 23న మరో 21 దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అప్పటిదాకా వాటికి అంకెలే గుర్తు. జనం లేని చోట పెట్టిన పేరుకు పోటీ ఉండదు.

పెట్టినవాటిలో నాకు నచ్చింది మౌంట్ మణిపూర్. 2021 దాకా అది మౌంట్ హ్యారియెట్, ఓ ఇంగ్లీషు అధికారి భార్య పేరు. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్రను, అతని వాళ్లను ఆ కొండ మీదే ఉంచారు. ఆ పేరుకు అక్కడ ఉండే హక్కుంది.

ఆ లెక్కన తెలుగువాళ్లకూ ఒక పేరు బాకీ ఉంది. 2011 జనగణన ప్రకారం దీవుల్లో 13 శాతం పైచిలుకు మంది మాతృభాష తెలుగే. జంగ్లీఘాట్ చేపల రేవులో ఉత్తరాంధ్ర యాస వినొచ్చు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్‌కు పంపారు. ఆయన బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. తనను ఖైదు చేసిన దీవులకు చట్టాలు చేసే సభలోనే సభ్యుడయ్యాడు. చేపల రేవుకు దిగే సందుకు ఆయన పేరు పెడితే బాగుంటుందని నా ఆశ. ఆటోవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో మాత్రం చెప్పలేను.